చేవ లేని చెక్క

కర్ర గురించి తెలుగులో ఒక గొప్ప మాట ఉంది: చేవ. మానుని అడ్డంగా కోస్తే నడిమధ్యన ముదురు రంగులో కనిపించే గట్టి భాగం చేవ. దాని చుట్టూ లేత రంగులో ఉండేది తెల్లచెక్క. బతికున్న చెట్టులో నీళ్ళు మోసేది ఈ తెల్లచెక్కే. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపలి పొరలు ఆ పని మానేసి, రకరకాల జిగురులూ వగరులూ నింపుకుని చేవగా మారతాయి. పురుగుకి రుచించనిదీ, బూజుకి కొరుకుడుపడనిదీ ఆ భాగమే. మనుషుల్ని పట్టుకుని చేవ ఉన్నవాడనీ చేవ చచ్చినవాడనీ అంటూ ఉంటాం కానీ, ఆ మాట సొంతిల్లు కర్రల అడితి.

ఓడల చరిత్రగా మనకి చెప్పేదంతా చాలావరకు చేవ చరిత్రే. బొంబాయిలో జంషెడ్జీ బొమన్జీ వాడియా మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక 1817లో నీళ్ళలోకి దిగింది. ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ రేవులో అది ఇవాళ్టికీ తేలుతూనే ఉంది. ఇంగ్లండులో ఓక్ కరువైన రోజుల్లో మన టేకు వాళ్ళ నౌకాదళాన్ని ఎలా నిలబెట్టిందో పుస్తకాలు పుస్తకాలుగా రాశారు. అవన్నీ బాగానే ఉంటాయి. టేకు కొనలేనివాడు ఏం చేశాడన్నది మాత్రం ఆ పుస్తకాల్లో తక్కువ.

నాకు ఆ ప్రశ్న ఎదురైంది పుస్తకాల్లో కాదు. ముగ్గురు మిత్రులు కలిసి యానాం దగ్గర గోదావరి పాయలో ఒక పాత పడవ కొన్నారు. అడుగు టేకుది, తుమ్మ వంకీలు, ఇంకా గట్టిగానే ఉన్నాయి. పాడైంది లోపలి నేల. అంటే కాళ్ళు పెట్టి నిలబడే పలకలు. కొన్నచోట్ల వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలుతున్నాయి. కొత్త నేల వెయ్యాలి, టేకుకి డబ్బుల్లేవు, అడితిలో చవగ్గా దొరికేది నిద్రగన్నేరు. దాని చేవ ఫరవాలేదు గానీ, చవగ్గా ఇచ్చే పలకల్లో సగం తెల్లచెక్కే. దాన్ని తక్కువ ఖర్చులో నిలబెట్టడం ఎలా? చరిత్ర చదువుతానన్న పాపానికి నన్నడిగారు.

మొదట ఆలోచించాల్సిన సంగతి ఇది. ఎప్పుడూ నీళ్ళలో నానే అడుగు బాగుంది. నీళ్ళకి జానెడు పైనుండే నేల చీకిపోయింది. ఎందుకు?

ఇదే ప్రశ్న శామ్యూల్ పెపీస్‌ని కూడా పట్టుకుంది. డైరీ రాసిన పెపీస్‌గానే మనకి తెలిసిన ఈయన ఉద్యోగరీత్యా ఇంగ్లండు నౌకాదళ కార్యదర్శి. 1677లో పార్లమెంటు చేత ముప్ఫై కొత్త యుద్ధనౌకలకి డబ్బు మంజూరు చేయించడంలో ఆయన చెయ్యి పెద్దది. తర్వాత రాజకీయాలు తిరగబడి 1679లో ఉద్యోగం పోయింది, లండన్ టవర్‌లో ఖైదు కూడా అనుభవించాడు. 1684లో మళ్ళీ పదవిలోకి వచ్చి చూస్తే, ఆ ముప్ఫై ఓడల్లో చాలావాటికి సముద్రం మొహం చూడకుండానే రేవులో కట్టేసిన చోటే కుళ్ళు పట్టింది. ఓడ గర్భంలోకి దిగి తన పిడికిలంత పుట్టగొడుగుల్ని స్వయంగా తన చేతులతో ఏరానని 1690లో అచ్చేసిన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన లేని కాలంలో పెత్తనం చేసినవాళ్ళు తప్పంతా బయటిదేశాల నుంచి తెచ్చిన పలకలదేనన్నారు. పెపీస్ అనుభవం ఉన్న ఓడ వడ్రంగుల్ని పోగేసి అడిగాడు. పలకల్లో దోషం లేదు, ఓడల్ని తెరిచి గాలి ఆడనివ్వలేదు, కడిగి శుభ్రం చెయ్యలేదు, అందుకే కుళ్ళాయని తేల్చాడు. తన శత్రువుల మీద కసి తీర్చుకునే పుస్తకమే అది, సందేహం లేదు. అయినా కర్ర విషయంలో ఆయన చెప్పింది నిజం.

కర్రని తినేది ఒక రకం బూజు. దానికి గాలి కావాలి, తడి కావాలి, రెండూ కలిసి కావాలి. ఎండిన కర్రలో, అంటే నూటికి ఇరవై పాళ్ళ కంటే తక్కువ తేమ ఉన్న కర్రలో, అది బతకలేదు. పూర్తిగా నీళ్ళలో మునిగిన కర్రలో దానికి ఊపిరాడదు. ఉప్పునీళ్ళు దానికి పడవు. ఇక మిగిలిందేమిటి? వానకి తడిసి, సందుల్లో నీళ్ళు నిలిచి, కింద గాలి ఆడక, సగం ఆరీ ఆరకుండా ఉండే చోటు. సరిగ్గా పడవ నేల. ఐసు కరిగి కారేదీ మంచినీళ్ళే, వానా మంచినీళ్ళే. సముద్రంలో పడవని ముంచేది ఉప్పునీళ్ళు కావచ్చు, పుచ్చబెట్టేది మాత్రం మంచినీళ్ళు.

ఈ సంగతి తెలిశాక పాత నావికుల అలవాట్లు కొన్ని అర్థమవుతాయి. ఓడ పైతట్టుని రోజూ పొద్దున్నే సముద్రపు నీళ్ళతో కడిగించేవాళ్ళు. అది శుభ్రతా, క్రమశిక్షణా అని మనం అనుకుంటాం, నిజమే, కానీ ఆ ఉప్పు పలకల్లోకి దిగడం, పలకలు ఉబ్బి సందులు మూసుకోవడం కూడా అందులో లాభమే. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ ఓడ వడ్రంగులు ఇంకో అడుగు ముందుకేసి, పక్కపలకల మధ్య ఖాళీల్లో బస్తాల కొద్దీ ఉప్పు పోసేవాళ్ళు. ఆవకాయ పెట్టేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు పాదిరీ 1740లలో ఓడ గర్భంలోకి గాలి కొట్టే పెద్ద తిత్తులు తయారుచేశాడు. మనుషులకీ కర్రకీ రెంటికీ ఆ గాలి మంచిదన్నాడు. ఆ తిత్తులు బానిసల్ని తరలించే ఓడల్లోకి కూడా వెళ్ళాయి. కర్రని కాపాడే విద్య ఎవరి సేవకి వెళ్తుందో కర్ర నిర్ణయించదు.

గాలి తర్వాత తారు. తారు అంటే మనకిప్పుడు రోడ్డే గుర్తొస్తుంది గానీ, పాతకాలపు ఓడ తారు దేవదారు జాతి చెట్ల వేళ్ళని సన్నసెగ మీద మగ్గబెట్టి తీసేది. స్వీడన్ దాని మీద గుత్తాధిపత్యం చేసేది. ఆ బెడద తప్పించుకోవడానికే ఇంగ్లండు 1705 నుంచి తన అమెరికన్ వలసలకి తారు మీద బహుమతి డబ్బులిచ్చింది. మన పడవలకి పూసే నల్లతారు కథ వేరు, అది బొగ్గుది. దాని వెనక ఒక విషాదం ఉంది. స్కాట్లండ్‌లో కల్రాస్ అనే ఊళ్ళో బొగ్గుగనులున్న ఆర్చిబాల్డ్ కాక్రేన్ అనే జమీందారు, డండొనాల్డ్ వంశపు తొమ్మిదో ఎర్ల్, కుర్రతనంలో నౌకాదళంలో పనిచేసి, ఓడ అడుగుల్ని పురుగు తొలిచెయ్యడం చూశాడు. బొగ్గుని మూసిన బట్టీలో కాల్చి తారు తీసే పద్ధతికి 1781లో పేటెంటు తీసుకున్నాడు. చవకైన సరుకు. ఓడ అడుక్కి పూస్తే పురుగు రాదన్నాడు. నౌకాదళం వద్దంది, అప్పటికే వాళ్ళు అడుగుభాగానికి రాగిరేకు తొడిగే పనిలో మునిగి ఉన్నారు. ఆయన కొడుకు ఆత్మకథలో ఒక ముచ్చట రాశాడు. ఒక ఓడల మేస్త్రీ దగ్గరికి తండ్రి తన తారు పట్టుకెళ్తే, పురుగే మాకు అన్నం పెడుతోంది, దాన్ని చంపే మందు మాకెందుకన్నాడట ఆ మేస్త్రీ. పాపం జమీందారు ఆస్తంతా తారుకే తగలేసి 1831లో బీదవాడిగా పోయాడు. ఆ తారు బట్టీల నుంచి వచ్చే వాయువుని సరదాకి వెలిగించి చూసేవాడట కూడా. తర్వాత కొన్నేళ్ళకి ఊళ్ళకి ఊళ్ళు ఆ వాయువుతో దీపాలు పెట్టుకున్నాయి, లాభం వేరేవాళ్ళకి పోయింది.

ఇప్పుడు గోదావరి జిల్లాల్లో ఏ చిన్న రేవుకెళ్ళినా బోర్లించిన పడవల మీద నల్లగా మెరిసేది ఆ సరుకు వారసత్వమే. అడుక్కి అది దివ్యమైన మందు. నేలకి మాత్రం పనికిరాదు. ఎండకి కరిగి కాళ్ళకి అంటుకుంటుంది, బట్టలు పాడవుతాయి, చేప మీద వాసన వేస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్ళొచ్చాయి, వాటికి లక్షల స్లీపర్లు కావాలి, తంతి స్తంభాలు కావాలి. అంత చేవ ఎక్కడినుంచి తెస్తారు? అప్పుడు మొదలైంది కర్రకి మందు తాగించే శాస్త్రం. కయాన్ అనే ఆయన 1832లో పాదరసపు లవణం పట్టుకొచ్చాడు. అది తినేవాడినీ పూసేవాడినీ కూడా చంపే విషం. జాన్ బెథెల్ 1838లో ఒక యంత్రం పట్టుకొచ్చాడు. కర్రని ఇనుప గొట్టంలో పెట్టి, లోపలి గాలి లాగేసి, తర్వాత క్రియోసోట్ నూనెని ఒత్తిడితో ఎక్కించడం. ఫ్రాన్సులో బూషరీ మైలుతుత్తాన్ని చెట్టు నీళ్ళ దారిలోనే ఎక్కించాడు. మైలుతుత్తం చవక, బూజుకి బద్ధశత్రువు, కానీ నీళ్ళలో కరిగేదాన్ని నీళ్ళే కడిగేసుకుపోతాయి. నాలుగు వానలు పడితే కర్ర మళ్ళీ మొదటికే.

ఈ ముడి విప్పినవాడి పేరు సొంఠి కామేశం. పేరు వింటేనే మనవాడని తెలిసిపోతుంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. ఆ సంస్థ ముందున్న చిక్కు చిన్నదేం కాదు. దేశంలో టేకూ సాలూ అయిపోతున్నాయి, వాటిని దాటితే అడవి నిండా చేవ తక్కువ చెట్లే. వాటిని స్తంభాలకీ వంతెనలకీ ఎలా పనికొచ్చేలా చెయ్యాలి? 1933లో కామేశం చేసిన మందులో మూడు దినుసులు: రాగి, ఆర్సెనిక్, క్రోమియం. రాగి బూజుని చంపుతుంది. రాగిని తట్టుకునే మొండి బూజుల్నీ చెదల్నీ ఆర్సెనిక్ చూసుకుంటుంది. క్రోమియం పని వేరు. కర్ర లోపలికి దిగాక అది కర్రతో చర్య జరిపి మిగతా రెండిటినీ కరగని రూపంలో పట్టి ఉంచుతుంది. పైకి నీళ్ళలో కలిపిన ఉప్పులా వెళ్ళినది లోపల రాయిలా స్థిరపడుతుంది. రాగికి క్రోమియం జోడించడం అప్పటికే తెలిసిన విద్య. ఆర్సెనిక్‌ని కూడా ఆ పట్టులోకి తెచ్చి, మూడిటినీ ఒక పాకంలో పెట్టడం కామేశం చేసిన పని. 1934లో బ్రిటన్‌లో, 1938లో అమెరికాలో పేటెంట్లొచ్చాయి. ఆర్సెనిక్, రాగి మూలకాల గుర్తులు కలిపి దానికి ఆస్కూ అని పేరు పెట్టారు. తర్వాత ప్రపంచమంతా సీసీఏ అంది. లేత ఆకుపచ్చ రంగులో కనిపించే కరెంటు స్తంభాలు, తోటల కంచెలు, అమెరికాలో ఇళ్ళ వెనక వేసుకునే చెక్క అరుగులు, పిల్లల ఉయ్యాల చట్రాలు, అన్నీ దశాబ్దాల పాటు ఈ మందు తాగినవే.

ఇందులో నాకు భలే నచ్చేది ఒకటుంది. ఈ మందు చేవలోకి సరిగ్గా ఎక్కదు. చేవ దారులన్నీ జిగుర్లతో మూసుకుపోయి ఉంటాయి. నీళ్ళు మోసిన తెల్లచెక్క మాత్రం గటగటా తాగేస్తుంది. అంటే అడితిలో పక్కన పారేసే భాగమే దీనికి అసలైన పాత్ర. చేవ లేని చెక్కకి చేవ పోసిన ఈ మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో నేనైతే ఎక్కడా చదువుకోలేదు.

ఆ మందు మన తీరానికీ వచ్చింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగంలో పి. ఎన్. గణపతి, ఆర్. నాగభూషణం లాంటివాళ్ళు 1950లలోనే రేవులో కర్రని తొలిచే ప్రాణుల మీద పనిచేశారు. సముద్రంలో కర్రకి ఏమవుతుందో చూడటానికి డెహ్రాడూన్ సంస్థ కేంద్రం ఒకటి అదే ఊళ్ళో నడిచింది, మందు తాగించిన తెప్పలని కూడా పరీక్షించి చూసింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇంకా తెగించి, పాలు తీయడం అయిపోయాక నరికేసే రబ్బరు చెట్లతో చిన్న పడవలు చేయించింది. రబ్బరు చెక్కకి చేవన్నదే దాదాపు ఉండదు. అందుకే దానికి సీసీఏ తాగించి, ఆపైన క్రియోసోట్ కూడా పట్టించారు.

తెప్ప దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. విశాఖ తీరంలో తెప్పంటే నాలుగైదు దుంగల్ని తాళ్ళతో కట్టినదే. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని విడివిడిగా ఇసుకలో ఆరబెడతారు. నీళ్ళు తాగిన దుంగ బరువెక్కి సరిగా తేలదు కాబట్టి అలా చేస్తారు. కానీ చూడండి, గాలి ఆడనివ్వమని పెపీస్ ముప్ఫై ఓడలు పోయాక రాసిన సలహా ఇదే. తూర్పు బెంగాల్ నదుల్లో తిరిగే నావల్లో నేలంటే చీల్చిన వెదురుబద్దల అల్లిక. మేకులుండవు, ఎత్తి అవతల పెట్టొచ్చు, చివికితే కొత్తది వేసుకోవచ్చు.

ఇక మిత్రుల పడవ. వాళ్ళలో ఒకడు అప్పటికే ఆకుపచ్చ మందు పట్టించే చోటు కనుక్కుని ఖర్చు కూడా లెక్కేసుకున్నాడు. పైన చెప్పిందంతా చదివితే మీరూ అదే అనొచ్చు. కామేశం మీద నాకెంత గౌరవమున్నా, నేలకి వద్దన్నాను. అడుక్కైతే అనేవాణ్ణి కాదు. నేల మీద వట్టికాళ్ళతో నిలబడతాం, పిల్లలు కూర్చుంటారు, చేపలు పోస్తాం, అక్కడే అన్నం తింటాం. ఈ మందు పట్టు గట్టిదే గానీ పూర్తిగా కాదు, కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. పులుపు తగిలితే ఇంకా ఎక్కువ వదులుతుంది. చేపల పులుసు ఒలకని పడవ గోదావరిలో ఉంటుందా? అమెరికాలో తయారీదారులే 2002లో ప్రభుత్వంతో ఒప్పుకుని, 2003 చివరికల్లా ఇళ్ళ అరుగులకీ ఆటస్థలాలకీ ఈ కర్ర అమ్మడం మానేశారు. ఉన్నవాటిని పీకెయ్యమని మాత్రం అక్కడి పర్యావరణ సంస్థ చెప్పలేదు.

నన్ను అంతకంటే భయపెట్టింది పొయ్యి. ఈ మందు తాగిన కర్ర పాతబడ్డాక కాలిస్తే, ఆర్సెనిక్ కొంత పొగలోకి పోతుంది, మిగతాది బూడిదలో నిలుస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ పల్లెలో ఒక కుటుంబం చలికాలమంతా ఇలాంటి చెక్కముక్కలు పొయ్యిలో కాల్చుకుని, జుట్టు ఊడి, ఒళ్ళు తిమ్మిరెక్కి, కారణం తెలియక అవస్థ పడిన సంగతి 1984లో అక్కడి వైద్యపత్రికలో వచ్చింది. మన తీరంలో పడవ పలకకి చివరి మజిలీ ఏది? పొయ్యే కదా.

మరి ఏం చేశారంటే, ఖర్చు తక్కువ పనులే. పలకల్ని మేకులతో బిగించకుండా, మూడు మూడు పలకలు కలిపి చట్రాలుగా చేసి, వేలు దూర్చి పైకెత్తేలా కన్నాలు పెట్టించారు. పలకకీ పలకకీ మధ్య చిన్న సందు వదిలారు. ఆ పని చేసిన తాళ్ళరేవు వడ్రంగి పెద్దాయన, "కర్రకి తడి తగిలితే పర్లేదండి బాబూ, ఊపిరాడకపోతేనే సచ్చిపోద్ది" అన్నాడు. పెపీస్ పుస్తకమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

మందుగా వెలిగారం, బోరిక్ యాసిడ్ పొడి వేడినీళ్ళలో కరిగించి, కోసిన పచ్చిపలకల్ని అందులో నానబెట్టి, కప్పి ఉంచారు. బోరిక్ పొడి అంటే క్యారమ్ బోర్డు మీద చల్లేదే. బూజుకి అది విషం, మనిషికి దాంతో పోలిస్తే చాలా నయం, నోట్లోకి పోకుండా చూసుకుంటే చాలు. దీని లోపం పాత మైలుతుత్తం లోపమే, నీళ్ళకి కడుక్కుపోతుంది. అందుకని పలకలు నీడన బాగా ఆరాక లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె గింజల నూనె, టర్పెంటైన్‌తో పల్చన చేసి, పట్టినంతా పట్టించారు. యూరప్ పడవల వాళ్ళు ఇందులో దేవదారు తారు కూడా సమానంగా కలుపుతారు. అది ఇక్కడ దొరికితే ఖరీదు. పలాస వైపు చవగ్గా దొరికే జీడిపిక్కల తొక్కల నూనె కలుపుదామా అనుకున్నారు గానీ, అది సరిగా ఆరకపోతే చర్మం పొక్కిస్తుంది కాబట్టి కిందివైపు మాత్రమే రాశారు. నూనె ఎక్కువ పట్టించింది పలకల చివర్లకి. చెట్టు నీళ్ళు తాగే గొట్టాల నోళ్ళు తెరుచుకునేది అక్కడే, పై ముఖం కంటే ఎన్నో రెట్లు తడి పీలుస్తాయి. వార్నిష్ వద్దనుకున్నారు. ఎండకి అది పగిలి, ఆ పగులులోంచి దిగిన నీళ్ళని మళ్ళీ బయటికి రానివ్వదు. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకుండా తీగ మీద విడివిడిగా ఆరేశారు. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకుంటాయి.

ఏటా వానలయ్యాక చట్రాలు ఎత్తి ఒడ్డున ఆరబెట్టి, మళ్ళీ ఒక చెయ్యి నూనె రాయాలి. ఎనిమిదేళ్ళొస్తుందా, పదేళ్ళొస్తుందా అనడిగితే నేను లెక్క చెప్పలేదు. టేకంత రాదు. కానీ ఏ పలక పోతే ఆ పలకే మార్చుకోవచ్చు.

పాత నేల పలకలు గట్టు మీద కుప్పగా మిగిలాయి. వాటి మీద మాసిన ఆకుపచ్చ ఛాయ ఉంది. అది పెయింటో, మందో చూసి చెప్పగలిగేవాళ్ళు అక్కడెవరూ లేరు, పడవ చేతులు మారింది కూడా ఒకసారి కాదు. పక్కింటావిడ పొయ్యిలోకి పట్టుకెళ్తానంటే వద్దని, ఆవిడకి రెండు మోపుల సరుగుడు కొనిచ్చారు. పలకల్లో గట్టిగా ఉన్నవాటిని కొబ్బరితోట చివర కంచెకి పాతారు.